మూడు రెట్ల ఫండ్లు అందరి చేతికీ ఇవ్వాలా? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో టీక్యూక్యూక్యూ, ఎస్ఓఎక్స్ఎల్ లాంటి మూడు రెట్ల ఫండ్ల పేర్లు ఇప్పుడు మామూలుగా వినిపిస్తున్నాయి. ఒకరు లాభం వచ్చిన స్క్రీన్‌షాట్ పెడతారు, నలుగురు ఎలా కొనాలని అడుగుతారు. నష్టపోయినవాళ్లు స్క్రీన్‌షాట్ పెట్టరు. ఇలాంటి ఫండ్లను మామూలు మదుపర్లకు వదిలేయాలా, కట్టడి చేయాలా అన్న వాదన అమెరికాలో 2009 నుంచి నడుస్తూనే ఉంది. ఆ వాదనలో పదే పదే వచ్చే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కట్టడి ఉండాలి. కానీ అది మనిషి ఆస్తి చూసి తలుపు వేసే కట్టడి కాకూడదు. ఫండ్ ఎంత ప్రమాదకరంగా ఉండొచ్చో ఒక హద్దు ఉండాలి, కొనే దారిలో ఒక నిజమైన పరీక్ష ఉండాలి.

లీవరేజ్డ్ ఫండ్ అంటే ఏంటి?

ఒక సూచీ (చాలా కంపెనీల షేర్ల ధరలను కలిపి చూపే అంకె, సెన్సెక్స్ లాంటిది) ఈరోజు ఎంత శాతం కదిలితే దానికి 2 లేదా 3 రెట్లు కదిలేలా నడిపే ఫండ్. నాస్‌డాక్-100 (అమెరికా నాస్‌డాక్ ఎక్స్ఛేంజీలోని పెద్ద కంపెనీల సూచీ, ఎక్కువగా టెక్ కంపెనీలు) ఈరోజు 1 శాతం పెరిగితే టీక్యూక్యూక్యూ సుమారు 3 శాతం పెరుగుతుంది. సూచీ 1 శాతం పడితే 3 శాతం పడుతుంది. స్వాప్‌లు, ఫ్యూచర్స్ అనే ఒప్పందాలు (చేతిలో ఉన్నదానికి మించి పందెం కట్టే దారులు) వాడి ఫండ్ ఈ పని చేస్తుంది. సూచీ పడితే లాభం ఇచ్చే ఇన్వర్స్ ఫండ్లు కూడా ఈ కోవలోవే.

అమెరికాలో ప్రోషేర్స్ సంస్థ 2006లో 2 రెట్ల ఈటీఎఫ్‌లు (షేర్లలా ఎక్స్ఛేంజీలో కొని అమ్మే ఫండ్లు) తెచ్చింది. డైరెక్షన్ సంస్థ 2008 నవంబర్‌లో, ఆర్థిక సంక్షోభం నడిమధ్యలో, 3 రెట్లవి తెచ్చింది. టీక్యూక్యూక్యూ 2010 ఫిబ్రవరిలో వచ్చింది. 2022 జూలై నుంచి టెస్లా, ఎన్‌విడియా లాంటి ఒక్కో కంపెనీ షేరు మీద కూడా ఇలాంటి ఫండ్లు మొదలయ్యాయి.

సూచీ పడి మళ్లీ పాత చోటికి వచ్చింది. నా డబ్బు మాత్రం ఎందుకు రాలేదు?

అన్నిటికన్నా ఎక్కువ మందిని దెబ్బతీసే విషయం ఇదే, కాబట్టి కాగితం తీసుకుని ఒక్కసారి లెక్క వేసుకోండి.

సూచీ 100 దగ్గర ఉంది. సోమవారం 10 శాతం పడి 90కి వచ్చింది. మంగళవారం 11.11 శాతం పెరిగి మళ్లీ 100కి చేరింది. మామూలు ఇండెక్స్ ఫండ్‌లో 10,000 డాలర్లు పెట్టినవాళ్లకు మంగళవారం సాయంత్రం 10,000 డాలర్లే ఉంటాయి. 3 రెట్ల ఫండ్‌లో పెట్టినవాళ్ల డబ్బు సోమవారం 30 శాతం పడి 7,000 అవుతుంది. మంగళవారం 33.33 శాతం పెరుగుతుంది, కానీ పెరిగేది 7,000 మీద. చివరికి 9,333 డాలర్లు. సూచీ ఎక్కడికీ పోలేదు, 667 డాలర్లు మాత్రం పోయాయి.

ఎందుకలా? ఫండ్ తన 3 రెట్ల లెక్కను ప్రతిరోజూ సాయంత్రం కొత్తగా సరిచేసుకుంటుంది. ఫండ్ దగ్గర 100 డాలర్లుంటే సూచీ మీద 300 డాలర్ల పందెం (పొజిషన్) పెడుతుంది. సూచీ 10 శాతం పడితే ఫండ్ సొమ్ము 70కి, పొజిషన్ 270కి వస్తాయి. 70కి 3 రెట్లంటే 210 మాత్రమే. అంటే ఆ సాయంత్రం 60 డాలర్ల పొజిషన్ తగ్గించుకోవాలి. అదే సూచీ 10 శాతం పెరిగితే సొమ్ము 130, పొజిషన్ 330. ఉండాల్సింది 390 కాబట్టి ఇంకో 60 కొనాలి. పడిన రోజు అమ్మకం, పెరిగిన రోజు కొనుగోలు. మార్కెట్ పైకీ కిందకీ ఊగుతున్నంత కాలం ఫండ్ ఇలా అరిగిపోతూనే ఉంటుంది. మేనేజర్ తెలివితక్కువ వల్ల జరిగేది కాదిది. ఫండ్‌ను కట్టిన తీరే అంత.

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. సూచీ వరుసగా మూడు రోజులు పదేసి శాతం పెరిగితే మొత్తం 33.1 శాతం పెరిగినట్టు. 3 రెట్ల ఫండ్ మాత్రం 119.7 శాతం పెరుగుతుంది, అంటే 3 రెట్లకు మించి. ఊగిసలాట లేకుండా ఒకే దిశలో పోయే మార్కెట్‌లో ఈ ఫండ్లు ఆశ్చర్యపోయేంత లాభాలిస్తాయి. 2010 తర్వాత నాస్‌డాక్‌కు పట్టిన దశ అలాంటిదే. వాట్సాప్ స్క్రీన్‌షాట్లన్నీ ఆ దశ బిడ్డలే.

అయితే ఇవి మోసమా?

కాదు. ఏం చేస్తామో ప్రాస్పెక్టస్‌లో (ఫండ్ వివరాల పత్రంలో) రాసే ఉంటుంది, రాసినట్టే చేస్తాయి. ఒక్క రోజు కోసం, లేదా ఇంకో పెట్టుబడికి రక్షణగా వాడుకునే ట్రేడర్లకు ఇవి పనికొచ్చే పనిముట్లు. పైగా ఇందులో మీరు పెట్టిన డబ్బుకు మించి పోదు. ఫ్యూచర్స్‌లో అయితే చేతిలో ఉన్నది పోయాక ఇంకా అప్పు మిగలొచ్చు. ఈ ఫండ్లను సమర్థించేవాళ్లు ఈ మాట గట్టిగా చెబుతారు. అది నిజమే.

ఇప్పటిదాకా జనం ఎంత దెబ్బ తిన్నారు?

మూడు సందర్భాలు చెబుతాను.

మొదటిది 2008 చివరి నుంచి 2009 ఏప్రిల్ దాకా. ఆ కాలం గురించి అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ, బ్రోకర్ల మీద నిఘా ఉంచే ఫిన్రా కలిసి 2009 ఆగస్టులో ఒక హెచ్చరిక విడుదల చేశాయి. అందులో ఒక ఉదాహరణ ఉంది. ఐదు నెలల్లో ఒక సూచీ దాదాపు 8 శాతం పెరిగింది. దాని మీద నడిచే 3 రెట్ల ఫండ్ 53 శాతం పడిపోయింది. అదే సూచీకి వ్యతిరేకంగా నడిచే 3 రెట్ల ఇన్వర్స్ ఫండ్ 90 శాతం పడిపోయింది. సూచీ పెరుగుతుందని అన్నవాడూ మునిగాడు, పడుతుందని అన్నవాడూ మునిగాడు. అంచనా సరిగ్గా వేసినవాడు కూడా సగం డబ్బు పోగొట్టుకునే సరుకు ఇది. మామూలు మనిషికి అది ముందే తెలిసే దారి ఏది?

రెండోది 2018 ఫిబ్రవరి 5. ఎక్స్ఐవీ అనే నోట్ (బ్యాంకు జారీ చేసి, ఫండ్‌లాగే ఎక్స్ఛేంజీలో అమ్ముడయ్యే పత్రం) ఒకటి ఉండేది. మార్కెట్ ఊగిసలాటను కొలిచే విక్స్ సూచీ ఫ్యూచర్స్ పడితే లాభం ఇచ్చేది. ఇది 2 రెట్లదీ కాదు, 3 రెట్లదీ కాదు, కేవలం ఇన్వర్స్. కానీ ప్రతిరోజూ లెక్క సరిచేసుకునే పద్ధతి ఇదే. ఆ రోజు విక్స్ 17 నుంచి 37కి ఎగిరింది. మార్కెట్ మూసే సమయానికి ఎక్స్ఐవీ ధర 99 డాలర్ల దగ్గర ఉంది. పడింది కదా, చవగ్గా వస్తోందని కొన్నవాళ్లూ ఉన్నారు. ఆ రాత్రి తేలిన అసలు విలువ 4 డాలర్ల పైచిలుకు. దాన్ని జారీ చేసిన క్రెడిట్ స్వీస్ మర్నాడే మూసేస్తున్నట్టు ప్రకటించింది. ధర మళ్లీ కోలుకుంటుందేమోనని ఎదురుచూసే అవకాశం కూడా మిగల్లేదు.

మూడోది అందరికీ గుర్తున్నదే. 2021 చివర టీక్యూక్యూక్యూలో 10,000 డాలర్లు పెట్టినవాళ్లను ఊహించుకోండి. 2022లో నాస్‌డాక్-100 సుమారు 33 శాతం పడింది, ఈ ఫండ్ సుమారు 79 శాతం పడింది. చేతిలో 2,100 డాలర్లు మిగిలాయి. 2023లో సూచీ సుమారు 54 శాతం పెరిగింది. ఫండ్ దాదాపు మూడింతలైంది. పేపర్లలో దాని గురించి గొప్పగా రాశారు. అయినా 2023 చివర ఆ మనిషి చేతిలో ఉన్నది 6,000 పైచిలుకు. మామూలు నాస్‌డాక్ ఫండ్‌లో పెట్టినవాళ్లు ఈలోపు అసలు దక్కించుకుని, కాస్త లాభంలోకి కూడా వచ్చేశారు.

మార్కెట్‌కు సర్క్యూట్ బ్రేకర్లు ఉన్నాయి కదా, అవి కాపాడవా?

సూచీ ఫండ్ల విషయంలో కొంత కాపాడతాయి. ఎస్ అండ్ పీ 500 (అమెరికాలోని 500 పెద్ద కంపెనీల సూచీ) ఒకే రోజు 20 శాతం పడితే అమెరికాలో ఆ రోజుకు ట్రేడింగ్ ఆపేస్తారు. అంటే ఆ సూచీ మీద నడిచే 3 రెట్ల ఫండ్ ఒక్క రోజులో 60 శాతం దాకా పోవచ్చు, పూర్తిగా సున్నా అవడం కష్టం. 5 రెట్ల ఫండ్‌కైతే ఆ 20 శాతమే చాలు, మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. 1987 అక్టోబర్ 19న డౌ జోన్స్ ఒక్క రోజులో 22.6 శాతం పడింది, కాబట్టి ఇది గాలిలో లెక్క కాదు. ఒకే కంపెనీ షేరు మీద నడిచే ఫండ్లకు ఈ రక్షణ లేదు. కంపెనీ ఫలితాలు బాగాలేక షేరు రాత్రికి రాత్రి 50 శాతం పడితే 2 రెట్ల ఫండ్‌లో ఇక మిగిలేదేమీ ఉండదు.

అమెరికా నియంత్రణ సంస్థలు ఇన్నాళ్లూ ఏం చేశాయి?

చాలా మాట్లాడాయి, కొంత చేశాయి.

2009 జూన్‌లో ఫిన్రా బ్రోకర్లకు ఒక నోటీసు ఇచ్చింది. ఒక రోజు మించి ఉంచుకోవాలనుకునే మామూలు మదుపర్లకు ఈ ఫండ్లు సాధారణంగా తగవని అందులో స్పష్టంగా చెప్పింది. 2012 మేలో సిటీగ్రూప్, మోర్గాన్ స్టాన్లీ, యూబీఎస్, వెల్స్ ఫార్గో సంస్థల మీద ఈ ఫండ్లను సరైన పర్యవేక్షణ లేకుండా అమ్మారని చర్య తీసుకుంది. జరిమానాలు, కస్టమర్లకు తిరిగి ఇప్పించినది కలిపితే 91 లక్షల డాలర్ల పైనే. అంటే ఆ రోజుల్లో సమస్య సలహాదారులది. బ్రోకర్ ఆఫీసులో కూర్చున్న మనిషి రిటైర్ అయిన పెద్దాయనకు ఇది అమ్మేవాడు.

తర్వాత ఫోన్ యాప్‌లు వచ్చాయి. ఇప్పుడు ఎవరూ అమ్మనక్కర్లేదు, మనమే కొనేస్తాం. దాంతో పాత కట్టడి చాలావరకు పని చేయకుండా పోయింది. 2020 నుంచి అమల్లో ఉన్న రెగ్యులేషన్ బెస్ట్ ఇంట్రెస్ట్ నిబంధన (కస్టమర్ మేలు చూసి సలహా ఇవ్వాలన్నది) బ్రోకర్ సిఫార్సు చేసినప్పుడే వర్తిస్తుంది. ఎవరి సలహా లేకుండా సొంతంగా కొనుక్కునేవాళ్లకు అది అడ్డురాదు, అండగానూ ఉండదు.

ఈ ఖాళీ పూడ్చాలనే ఎస్ఈసీ 2019 నవంబర్‌లో ఒక ప్రతిపాదన పెట్టింది. మామూలు మదుపరి లీవరేజ్డ్ ఫండ్ కొనే ముందు ఆ మనిషికి దాని ప్రమాదం అర్థమవుతుందా లేదా అని బ్రోకర్ పరిశీలించి, ఖాతాకు ఆమోదం ఇవ్వాలి. ఆప్షన్స్ (షేరును ముందే అనుకున్న ధరకు కొనే లేదా అమ్మే హక్కుల ట్రేడింగ్) ఖాతాలకు అలాంటి ఆమోదం ఎప్పటి నుంచో ఉంది. మదుపర్ల నుంచి వేల సంఖ్యలో వ్యతిరేక లేఖలు వచ్చాయి. 2020 అక్టోబర్‌లో తుది నిబంధనలు తెచ్చినప్పుడు ఎస్ఈసీ ఆ భాగాన్ని వదిలేసింది. దాని బదులు ఫండ్ వైపు ఒక హద్దు పెట్టింది. కొత్తగా వచ్చే ఫండ్ రిస్కు దాని మూల సూచీ రిస్కుకు 2 రెట్లకు మించకూడదు. అప్పటికే ఉన్న 3 రెట్ల ఫండ్లను మాత్రం అలాగే కొనసాగనిచ్చింది. టీక్యూక్యూక్యూ ఇప్పటికీ ఉండడానికి కారణం అదే.

2022 మార్చిలో ఫిన్రా మళ్లీ ఇదే ప్రశ్న తెరిచింది. సంక్లిష్టమైన ప్రొడక్టులు కొనే ముందు పరీక్ష పెట్టాలా, శిక్షణ ఇవ్వాలా అని అభిప్రాయాలు అడిగింది. మళ్లీ వేల లేఖలు, మళ్లీ ఎక్కువ శాతం వ్యతిరేకతే. ఇక 2025లో సంస్థలు 3 రెట్ల, ఏకంగా 5 రెట్ల ఫండ్లకు కూడా దరఖాస్తులు పెట్టాయి. ఆ ఏడాది చివర్లో ఎస్ఈసీ 2 రెట్ల హద్దు దాటే దరఖాస్తుల మీద అభ్యంతరం తెలుపుతూ సంస్థలకు లేఖలు రాసింది.

ఒక విడ్డూరం కూడా చెప్పాలి. అమెరికాలో రిటైర్మెంట్ కోసం దాచుకునే ఐఆర్ఏ ఖాతాలో అప్పు తీసుకుని షేర్లు కొనడం కుదరదు. ఆ ఖాతాలోని డబ్బు ముసలితనానికి ఆసరా అని ప్రభుత్వం ఆ జాగ్రత్త పెట్టింది. కానీ అదే ఐఆర్ఏలో 3 రెట్ల ఫండ్ ఎంతైనా కొనొచ్చు. అప్పు మీరు చేయకూడదు, మీ తరఫున ఫండ్ చేయొచ్చు. ఈ రెండూ ఒకే చట్టం కింద ఎలా ఇముడుతాయో నాకు ఎంత ఆలోచించినా అర్థం కాదు.

బ్రోకర్లే ఆపేయొచ్చు కదా, ప్రభుత్వం దాకా ఎందుకు?

అమెరికాలో పెద్ద ఫండ్ సంస్థ, బ్రోకర్ కూడా అయిన వ్యాన్‌గార్డ్ ఆపేసింది. 2019 జనవరి నుంచి తమ దగ్గర లీవరేజ్డ్, ఇన్వర్స్ ఫండ్ల కొత్త కొనుగోళ్లు తీసుకోవడం మానేసింది. మెచ్చుకోవాల్సిన పని. కానీ అక్కడ కుదరనివాళ్లు ఇంకో యాప్‌కి పోతారు, దానికి ఐదు నిమిషాలు పట్టదు. ఒక్క కంపెనీ మంచితనం మీద ఆధారపడి ఇంత పెద్ద మార్కెట్‌ను వదిలేయలేం.

నా డబ్బు, నా ఇష్టం. మధ్యలో వీళ్లెవరు?

ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. కష్టపడి సంపాదించి, పన్ను కట్టి, మిగిలిన డబ్బుతో ఏం చేయాలో నిర్ణయించుకునే హక్కు ప్రతి మనిషికీ ఉంది. ముఖ్యంగా ధనవంతులకు మాత్రమే తెరిచి ఉన్న తలుపులు చూసి చూసి విసిగిపోయిన మధ్యతరగతి వాళ్లు ఈ మాట అంటుంటే అందులో న్యాయం ఉంది.

కానీ ఇష్టం అనాలంటే ముందు ఏం కొంటున్నామో తెలిసి ఉండాలి. సూచీ 8 శాతం పెరిగినా తన ఫండ్ 53 శాతం పడొచ్చని తెలిసి కొనేవాడిది ఇష్టమే. అతన్ని ఎవరూ ఆపకూడదు. నాస్‌డాక్ పెరుగుతుంది, నాకు మూడింతలు వస్తుంది అనుకుని ఐదేళ్లకు కొనేవాడు అసలు లేని సరుకును కొంటున్నాడు. అతను కోరుకున్నది వేరు, చేతికి వచ్చింది వేరు. అలాంటి కొనుగోలును స్వేచ్ఛ అనడానికి నాకు మనసొప్పదు.

ఇంకో మాట. ఈ నష్టం ఆ ఒక్క మనిషితో ఆగదు. ఇంటి డౌన్ పేమెంట్, పిల్లల కాలేజీ ఫీజు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపాల్సిన డబ్బు, అన్నీ ఆ ఖాతాలోనే ఉంటాయి. కొన్నది ఒక్కరైనా టెన్షన్ ఇంటిల్లిపాదిదీ.

వీటిని ఆపితే జనం ఇంకా ప్రమాదకరమైన వాటిలోకి పోరా?

పోతారు. అందుకే నేను నిషేధం అడగడం లేదు.

దక్షిణ కొరియాను చూడండి. అక్కడి ప్రభుత్వం 2020లో దేశీయ లీవరేజ్డ్ ఈటీఎఫ్‌ల మీద కట్టడి ప్రకటించింది. ఆన్‌లైన్ శిక్షణ పూర్తి చేయాలి, ఖాతాలో కనీసం కోటి వాన్‌ల డిపాజిట్ ఉండాలి. కొరియా మదుపర్లు ఏం చేశారు? అమెరికా మార్కెట్‌లోని టీక్యూక్యూక్యూ, ఎస్ఓఎక్స్ఎల్ మీద పడ్డారు. చివరికి విదేశీ లీవరేజ్డ్ ఫండ్లకు కూడా ముందస్తు శిక్షణను తప్పనిసరి చేయాల్సి వచ్చింది. ఒక గుమ్మానికే కాపలా పెడితే జనం పక్క గుమ్మంలోంచి వెళ్తారు. కాబట్టి నిబంధన ఒక ఫండ్‌కో ఒక దేశానికో కాకుండా ఈ రకం సరుకు మొత్తానికీ ఒకేలా ఉండాలి.

ఆప్షన్స్ కంటే ఈ ఫండ్లే నయం కదా అన్న వాదన నిజమే. వారానికోసారి గడువు ముగిసే ఆప్షన్ గంటల్లో సున్నా అవుతుంది, ఈ ఫండ్ అంత త్వరగా కాదు. అయితే ఆప్షన్స్ ఖాతాకు అమెరికాలో మీ అనుభవం, ఆదాయం అడిగి ఆమోదం ఇస్తారు. ఫండ్‌కు ఏమీ అడగరు.

పెద్ద అక్షరాలతో హెచ్చరిక రాస్తే సరిపోదా?

సరిపోదు. దీనికి ఆధారం మన దగ్గరే ఉంది.

మన మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2023 జనవరిలో ఒక అధ్యయనం బయటపెట్టింది. ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్) ట్రేడ్ చేసే వ్యక్తుల్లో 89 శాతం మంది 2021-22లో నష్టపోయారని తేల్చింది. 2023 జూలై నుంచి బ్రోకర్లంతా లాగిన్ అవగానే హెచ్చరిక చూపించాలని నిబంధన పెట్టింది. పది మందిలో తొమ్మిది మంది నష్టపోతున్నారు అని ప్రతిసారీ తెర మీద కనిపిస్తుంది. కిందున్న బటన్ నొక్కితేనే ముందుకెళ్లగలం. ఇంతకంటే సూటిగా ఎవరూ చెప్పలేరు.

ఏమైంది? 2021-22లో 51 లక్షలున్న వ్యక్తిగత ట్రేడర్లు 2023-24కి దాదాపు 96 లక్షలయ్యారు. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన రెండో అధ్యయనం ప్రకారం మూడేళ్లలో కోటి మందికి పైగా ట్రేడ్ చేశారు, వాళ్లలో 93 శాతం నష్టపోయారు, మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటింది. నష్టపోయినవాళ్లలో నాలుగింట మూడొంతులకు పైగా మంది ట్రేడింగ్ ఆపలేదు. మొత్తం ట్రేడర్లలో నాలుగింట మూడొంతులకు పైగా తమ వార్షికాదాయం 5 లక్షల లోపే అని చెప్పినవాళ్లు. ముప్పై ఏళ్ల లోపు వాళ్ల వాటా ఒక్క ఏడాదిలో 31 శాతం నుంచి 43 శాతానికి పెరిగింది. ఇదే మార్కెట్‌లో 2023-24లో సంస్థల సొంత ట్రేడింగ్ విభాగాలు, విదేశీ ఫండ్లు వేల కోట్లు సంపాదించాయి. ఆ లాభాల్లో 95 శాతం పైన అల్గారిథమ్‌లతో చేసిన ట్రేడింగ్ నుంచి వచ్చినవే. 5 లక్షల సంపాదనతో ఫోన్ పట్టుకున్న కుర్రాడు ఎవరితో పోటీ పడుతున్నాడో చూడండి.

హెచ్చరిక చదివిన ప్రతి ఒక్కరూ తాను ఆ మిగిలిన పదో మనిషిననుకుంటారు. అందుకే సెబీ 2024 అక్టోబర్‌లో సరుకునే మార్చింది. కాంట్రాక్టు సైజు కనీసం 15 లక్షలకు పెంచింది, వారపు ఎక్స్‌పైరీని (వారానికోసారి గడువు ముగిసే ఆప్షన్లను) ఒక్కో ఎక్స్ఛేంజీకి ఒక్క సూచీకే పరిమితం చేసింది. ఆ తర్వాత కూడా 2024-25లో 91 శాతం మంది నష్టపోయారు, నికర నష్టం లక్ష కోట్లు దాటింది. ఆ మార్పులు ఆ ఏడాది మధ్యలోనే వచ్చాయన్నది గుర్తుంచుకోవాలి. అయినా జబ్బు ఎంత లోతుకు పోయిందో ఆ అంకె చెబుతుంది.

యూరప్ అనుకరించదగ్గ పని ఒకటి చేసింది. అక్కడి మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్మా 2018లో సీఎఫ్‌డీల (షేరు కొనకుండానే దాని ధర మీద అప్పుతో కట్టే పందేల) మీద లీవరేజ్‌కు గరిష్ఠ హద్దు పెట్టింది, ఖాతాలో ఉన్నదానికి మించి నష్టం రాకుండా చేసింది, పైగా ప్రతి కంపెనీ తన సొంత కస్టమర్లలో ఎంత శాతం నష్టపోయారో ప్రకటనలోనే చెప్పాలని నిబంధన పెట్టింది. హద్దు, రక్షణ, నిజం మూడూ కలిసి వచ్చాయి. ఉత్త హెచ్చరిక కాదు.

డబ్బున్నవాళ్లకే అనుమతిస్తే? వాళ్లు నష్టం తట్టుకోగలరు కదా.

ఈ పద్ధతి నాకు అస్సలు నచ్చదు. అమెరికాలో కొన్ని ప్రైవేటు పెట్టుబడులకు ఏడాదికి 2 లక్షల డాలర్ల ఆదాయమో, ఇల్లు కాక 10 లక్షల డాలర్ల ఆస్తో ఉండాలి. మన దగ్గర సెబీ 2025 ఏప్రిల్ నుంచి తెచ్చిన ఎస్ఐఎఫ్‌లకు కనీసం 10 లక్షల రూపాయలు, పీఎంఎస్‌కు 50 లక్షలు, ఏఐఎఫ్‌లకు కోటి (మూడూ పెద్ద మొత్తాలు పెట్టేవాళ్ల కోసం ఉన్న పెట్టుబడి పథకాలు). పొలం అమ్మిన డబ్బు 50 లక్షలు చేతికొచ్చిన రైతుకు వీటిలో మొదటి రెండు తలుపులు తెరుచుకుంటాయి. లెక్కలు క్షుణ్ణంగా తెలిసిన, నెలకు 40 వేల జీతమున్న టీచరుకు మూసుకుంటాయి. రైతు అమాయకుడని కాదు. ఆ డబ్బు అతని జీవితమంతటికీ ఒక్కసారి వచ్చింది, అతనికి ఎక్కువ రక్షణ కావాలి. ఆస్తిని కొలిచి తెలివిని కొలిచామనుకోవడం అన్యాయం.

మరి మీరు కోరే కట్టడి ఎలా ఉండాలి?

మొదట ఫండ్‌కు హద్దు. 2 రెట్లు దాటి కొత్త ఫండ్లు రాకూడదు, ఒకే కంపెనీ షేరు మీద అయితే 2 రెట్లు కూడా ఎక్కువే అని నా అభిప్రాయం. 2020 మార్చి పతనం తర్వాత డైరెక్షన్ తన బంగారు గనుల ఫండ్లు కొన్నిటిని 3 రెట్ల నుంచి 2 రెట్లకు తగ్గించుకుంది. ఎక్స్ఐవీ కూలాక ప్రోషేర్స్ అలాంటిదే అయిన తన ఎస్‌వీఎక్స్‌వై ఫండ్ లీవరేజ్‌ను సగానికి తగ్గించింది. అంటే అది చేయడం సాధ్యమే. దెబ్బ తగిలేదాకా ఆగాల్సిన పని లేదు.

తర్వాత కొనే దారి. మొదటిసారి కొనే ముందు ఒక పరీక్ష ఉండాలి. చదవకుండానే టిక్ పెట్టేది కాదు, లెక్క వేయాల్సినది. ఇలాంటి ప్రశ్న: సూచీ సోమవారం 10 శాతం పడి మంగళవారం పాత చోటికి వచ్చింది, 3 రెట్ల ఫండ్‌లో పెట్టిన 10,000 డాలర్లు మంగళవారం సాయంత్రం ఎంత? 10,000 అని జవాబిచ్చినవాళ్లకు లెక్క చూపించి, మళ్లీ ప్రయత్నించమనాలి. పాసయ్యాక కూడా మొదటి కొనుగోలుకు కొన్ని రోజుల వ్యవధి ఉండాలి. స్క్రీన్‌షాట్ చూసిన వేడిలో కొనడం ఆగుతుంది. అర్థం చేసుకుని ఆగిన మనిషికి ఆ నాలుగు రోజుల వల్ల పోయేదేమీ లేదు.

ఆ తర్వాత నిజం చెప్పడం. ఫండ్ రాబడి వేరు, ఆ ఫండ్ కొన్న మనుషులకు వచ్చిన రాబడి వేరు. పైన కొని కింద అమ్మినవాళ్ల లెక్క ఫండ్ గ్రాఫ్‌లో కనపడదు. ప్రతి బ్రోకర్ తన కస్టమర్లలో ఎంత మంది ఈ ఫండ్లలో నష్టపోయారో ఆర్డర్ పేజీలోనే చూపించాలి. అంకె వాళ్లదే అయి ఉండాలి.

ఐఆర్ఏ లాంటి రిటైర్మెంట్ ఖాతాల్లో మాత్రం వీటికి పూర్తిగా తలుపు మూసేయాలి. అక్కడ నాకు మధ్యే మార్గం కనపడదు.

హైదరాబాద్‌లో ఉండి ఇవి కొనొచ్చా?

మన మ్యూచువల్ ఫండ్లు ఇలాంటివి నడపలేవు. సెబీ నిబంధనల ప్రకారం ఫండ్ తాత్కాలిక అవసరాలకు తప్ప అప్పు చేయకూడదు, డెరివేటివ్స్‌తో కలిపిన మొత్తం పొజిషన్ ఫండ్ సొమ్ముకు మించకూడదు. ఇక విదేశాలకు డబ్బు పంపే ఎల్ఆర్ఎస్ కింద ఏడాదికి 2.5 లక్షల డాలర్ల దాకా పంపొచ్చు గానీ, విదేశీ ఎక్స్ఛేంజీల్లో మార్జిన్ (అప్పు మీద చేసే ట్రేడింగ్‌కు పూచీగా పెట్టే సొమ్ము) కట్టడానికి పంపడాన్ని ఆర్‌బీఐ ఒప్పుకోదు. విదేశీ షేర్ల యాప్‌లో లీవరేజ్డ్ ఈటీఎఫ్ కనిపించినంత మాత్రాన మీకు కుదురుతుందనుకోకండి. బ్రోకర్‌ను, మీ సీఏను అడిగి జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

మా అబ్బాయి అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మిగిలిన డబ్బంతా టీక్యూక్యూక్యూలోనే పెడుతున్నాడు. ఏమని చెప్పాలి?

తిట్టొద్దు, వాదించొద్దు. మూడు ప్రశ్నలు అడగండి. జీతం ఏ రంగం నుంచి వస్తోంది? కంపెనీ ఇచ్చిన షేర్లు ఏ సూచీతో పాటు కదులుతాయి? దాచిన డబ్బు ఏ సూచీ మీద ఉంది? మూడింటికీ జవాబు టెక్ రంగమే, నాస్‌డాకే. 2022లో సూచీ పడిన ఏడాదే టెక్ కంపెనీల్లో ఉద్యోగాల కోతలు మొదలయ్యాయి. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే కొత్తది వెతుక్కోవడానికి 60 రోజుల గడువు. ఆ 60 రోజుల అద్దె, కారు కిస్తీ, అవసరమైతే విమానం టికెట్లు, ఇవన్నీ 79 శాతం పడిపోయిన ఖాతాలోంచి తీయాల్సి వస్తుంది. కనీసం ఆరు నెలల ఖర్చు మామూలు సేవింగ్స్‌లోకి మార్చమనండి. మిగిలినదాంట్లో ఎంత ఉంచుకోవాలో, పై లెక్క కాగితం మీద వేసి చూశాక అతన్నే చెప్పమనండి.